సమ్టర్ సెకండ్ బేస్‌మన్: కోచింగూ ఎన్నికలూ ఒకే క్యాలెండర్‌లో

బేస్‌బాల్ తెలిసినవాళ్ళ దగ్గర బాబీ రిచర్డ్‌సన్ పేరెత్తితే 1962 అక్టోబరు 16 దగ్గరికే మాట వెళ్తుంది. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఫైనల్ పోరు వరల్డ్ సిరీస్‌లో ఏడో మ్యాచ్, శాన్ ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కు, తొమ్మిదో ఇన్నింగ్స్ చివరి సగం. న్యూయార్క్ యాంకీస్ జట్టుకి ఉన్నది ఒక్క పరుగు ఆధిక్యం. ఇద్దరు అవుట్. పరుగు రావాలంటే చుట్టి రావాల్సిన నాలుగు బేస్‌లలో మూడోదాని మీద ప్రత్యర్థి జట్టు మాటీ ఆలూ, రెండోదాని మీద విల్లీ మేస్. విల్లీ మెకవీ బలంగా కొట్టిన బంతి గాల్లోనే నేరుగా, రెండో బేస్ దగ్గర కాపుకాసే సెకండ్ బేస్‌మన్ గ్లవ్‌లోకి వెళ్ళింది, సిరీస్ ముగిసింది. ఆ సెకండ్ బేస్‌మనే రిచర్డ్‌సన్. అంతకు రెండేళ్ళ ముందు, 1960లో, మరో వింత జరిగింది. సీజన్ మొత్తంలో ఒక్క హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది), 26 ఆర్‌బీఐలు (తన బ్యాటుతో రప్పించిన పరుగులు) మాత్రమే ఉన్న ఈయన వరల్డ్ సిరీస్ ఏడు మ్యాచ్‌ల్లో 12 పరుగులు రప్పించారు. టీము ఓడిపోయింది, సిరీస్ మేటి ఆటగాడి బహుమతి, ఎంవీపీ, మాత్రం ఈయనకే ఇచ్చారు. ఓడిన జట్టు నుంచి ఆ బహుమతి అందుకున్నది ఈయనొక్కరే.

నాకు ఆసక్తి ఆ తర్వాతి జీవితం మీద. 1966లో, 31 ఏళ్ళకే, ఆట మానేశారు. 1970 నుంచి 1976 వరకు యూనివర్సిటీ ఆఫ్ సౌత్ కరోలినా టీముకి కోచ్‌గా ఉన్నారు. 1975లో ఆ టీము 51 మ్యాచ్‌లు గెలిచి, 6 ఓడి, ఒకటి డ్రా చేసుకుని మొదటిసారి ఒమాహా నగరంలో జరిగే కాలేజీ జట్ల జాతీయ పోటీ, కాలేజ్ వరల్డ్ సిరీస్‌కి వెళ్ళింది. ఫైనల్లో టెక్సస్ చేతిలో 5-1తో ఓడింది. మరుసటి ఏడు, 1976లో, ఆయన రిపబ్లికన్ అభ్యర్థిగా సౌత్ కరోలినా ఐదో నియోజకవర్గం నుంచి అమెరికన్ కాంగ్రెస్‌కి పోటీ చేశారు. సొంత ఊరు సమ్టర్ అందులోదే. డెమొక్రాట్ కెన్ హాలండ్ మీద కొద్ది తేడాతో ఓడిపోయారు.

కాలేజీ కోచ్ రోజు ఎలా గడుస్తుందో, అమెరికా చిన్న నగరాల్లో ప్రజాప్రతినిధి పని ఏమిటో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కథ బాగా అర్థమవుతుంది. రెండూ బరువైన పనులే. అంతకంటే పెద్ద చిక్కేమిటంటే, రెండూ మనిషిని ఒకే నెలల్లో అడుగుతాయి.

కోచ్ పని నేల దగ్గర మొదలవుతుంది. బంతి విసిరే పిచర్ నిలబడే మట్టిదిబ్బ, మౌండ్, 18 అడుగుల వ్యాసం, 10 అంగుళాల ఎత్తు. దాని మీద పాతిన రబ్బరు పలక నుంచి బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేటు దాకా 60 అడుగుల 6 అంగుళాలు. పలకకి 6 అంగుళాల ముందు నుంచి అడుగుకి ఒక అంగుళం చొప్పున వాలు దిగాలి. పిచర్ ముందరి పాదం ప్రతి బంతికీ దాదాపు ఒకే చోట పడుతుంది కాబట్టి అక్కడ గుంట పడుతుంది. మ్యాచ్ అయ్యాక దాన్ని పూడ్చాలి. వదులు మట్టిని ఊడ్చి తీసి, గుంట అడుగుని కాస్త తడిపి, బంకమన్ను పొరలు పొరలుగా వేసి, దిమ్మిసతో కొట్టి, పైన తడిపి కప్పాలి. చాలాచోట్ల జరిగే తప్పు, పొడి గుంటలో పొడి మట్టి పోసి పైపైన కొట్టి వదిలేయడం. కింది మట్టి పై మట్టిని పట్టుకోదు. మర్నాడు రెండో ఇన్నింగ్స్‌కే అది పెళ్ళలుగా లేచిపోతుంది. పాదం జారితే ఆ భారం మోచేతి మీదా భుజం మీదా పడుతుంది.

బేస్‌ల చుట్టుపక్కల భాగం, ఇన్‌ఫీల్డ్, మట్టికి ఇసుక పాళ్ళు ఎక్కువ, మూడింట రెండు వంతుల దగ్గర. మౌండ్‌కి బంకమన్ను ఎక్కువ. ఈ రెండు మట్టి రకాల్నీ కలిపేస్తే రెండూ చెడతాయి. ఇన్‌ఫీల్డ్‌ని ఇనప వలతో లాగేటప్పుడు గడ్డి అంచుకి అడుగు దూరంలో ఆగాలి, ఆ అంచుని చేతి దంతెతో సర్దాలి. అలా చేయకపోతే మట్టి గడ్డిలోకి చేరి నెల తిరిగేసరికి చిన్న గట్టు కడుతుంది, నేల మీద దొర్లుతూ వచ్చే బంతి దానికి తగిలి ముఖం మీదికి లేస్తుంది. వాన నీళ్ళు నిలిస్తే చీపురుతో గడ్డిలోకి తోసేయడం ఇంకో పాపం. నీళ్ళతోపాటు మెత్తటి మట్టి కూడా పోతుంది, అక్కడ పల్లం ఏర్పడి తర్వాతి వానకి మళ్ళీ అక్కడే నిలుస్తుంది. పంపుతోనో స్పాంజితోనో తోడి, ఆ తర్వాతే కాల్చిన బంకమట్టి గుళికలు చల్లాలి. సౌత్ కరోలినా టీము 2008 దాకా ఆడిన మైదానానికి పేరు పెట్టింది ఏ ఆటగాడిదో కాదు, చాలాకాలం అక్కడి మైదానాల్ని చూసుకున్న సార్జ్ ఫ్రైది. ఆ గౌరవం చాలా సబబైనది.

ఆ తర్వాత ఫంగో. ఫంగో బ్యాటు సన్నగా, తేలిగ్గా, 35 నుంచి 37 అంగుళాల పొడవుంటుంది. కోచ్ ఒక చేత్తో బంతి ఎగరేసి దాంతో నేల మీదికి కొడుతూ ఉంటాడు, ఫీల్డర్లు అందుకుంటూ ఉంటారు. మన క్రికెట్‌లో స్లిప్ క్యాచులు ఇప్పించినట్టే అనుకోండి, కాకపోతే రోజుకి కొన్ని వందలు. ఒక్కో ఇన్‌ఫీల్డర్‌కి రోజుకి అరవై బంతులకు తగ్గకూడదు. అన్నీ ఒంటి మీదికే కొట్టకూడదు. ఇరవై నేరుగా, ఇరవై ఎడమకి, పది కుడికి, పది మెల్లగా దొర్లేవి. మెల్లగా వచ్చేవే చాలామంది వదిలేస్తారు, మ్యాచుల్ని పోగొట్టేవి కూడా అవే.

రిచర్డ్‌సన్ అయిదు గోల్డ్ గ్లవ్‌లు (మేటి ఫీల్డింగ్ బహుమతులు) గెలిచింది సెకండ్ బేస్ దగ్గర, అక్కడ ప్రాణం డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేయడం. అందులో మొదటి సూత్రం, బేస్ దగ్గరికి త్వరగా చేరి అక్కడ నిదానించడం. పరిగెత్తుతూ వచ్చి బంతి అందుకునేవాడికి విసిరేటప్పుడు ఒంటి మీద అదుపుండదు. ఎడమ పాదం బేస్ మీద, ఛాతీ విసిరేవాడి వైపు, రెండు చేతులూ ఛాతీ ముందు. ఒక్క చేత్తో పట్టుకుంటే బంతిని గ్లవ్‌లోంచి తీయడానికి పట్టే ఆలస్యంలోనే బ్యాటర్ మొదటి బేస్ చేరిపోతాడు. బేస్ దాటి లోపలికి రావాలా, వెనక్కి తగ్గాలా అన్నది బంతి ఎటు వచ్చిందో చూశాక నిర్ణయించుకోవాలి. ముందే నిర్ణయించుకున్నవాడు తప్పుడు పక్కకి వచ్చిన బంతికి దొరికిపోతాడు.

పిచర్ల వారం ఇంకో లెక్క. శుక్ర, శని, ఆదివారాల్లో మూడు మ్యాచ్‌ల సిరీస్, మంగళవారమో బుధవారమో ఇంకొకటి. మేటి పిచర్ శుక్రవారం వేస్తాడు. శని, ఆదివారాల్లో తేలిక పరుగు, తేలిక క్యాచ్. సోమవారం కాస్త దూరం నుంచి విసరడం, మంగళవారం మౌండ్ మీద పాతిక ముప్పై బంతులు, తర్వాత మళ్ళీ తగ్గింపు. మంగళవారం మ్యాచ్‌లో ఆధిక్యం చేజారుతుంటే ఆ పిచర్‌నే రెండు ఇన్నింగ్స్‌లకి దింపాలని ప్రతి కోచ్‌కీ అనిపిస్తుంది. ఆ ఆశకి లొంగితే శుక్రవారం పోతుంది, ఒక్కోసారి ఆ కుర్రాడి మోచేయే పోతుంది.

వీటన్నిటికీ గంటల కొలత ఉంది. కాలేజీ క్రీడల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ నియమం ప్రకారం సీజన్లో వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు మించకూడదు, వారంలో ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వాలి. మ్యాచ్ నాలుగున్నర గంటలు సాగినా లెక్కలో మూడు గంటలే. ఈ కొలత ఆటగాళ్ళకే, కోచ్‌కి అలాంటి రక్షణ ఏదీ లేదు. ఫిబ్రవరి మధ్యలో మొదలై రెగ్యులర్ సీజన్ 56 మ్యాచ్‌లు. మే చివర్లో మెమోరియల్ డే వారంలో జాతీయ పోటీ మొదటి దశ రీజనల్స్, ఆ తర్వాతి వారం రెండో దశ సూపర్ రీజనల్స్, జూన్ మధ్యలో ఒమాహా. వేసవిలో హైస్కూల్ కుర్రాళ్ళని చూడ్డానికి ఊళ్ళు తిరగాలి, శరదృతువులో మళ్ళీ ప్రాక్టీసు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే బడ్జెట్ చదవడం కోచ్ నేర్చుకునేది ఇక్కడే. చాలా ఏళ్ళు కాలేజీల పై స్థాయి అయిన డివిజన్ 1లో బేస్‌బాల్ టీముకి 11.7 స్కాలర్‌షిప్పులే ఉండేవి. వాటిని ఎక్కువలో ఎక్కువ 27 మందికి పంచవచ్చు, ఒక్కొక్కరికీ కనీసం పావు వంతు ఇవ్వాలి. 27 మందికీ పావు చొప్పున ఇస్తే 6.75 అక్కడే అయిపోతాయి. మిగిలిన 4.95తో మేటి పిచర్‌నీ క్యాచర్‌నీ షార్ట్‌స్టాప్‌నీ నిలబెట్టుకోవాలి. ప్రొఫెషనల్ జట్లు కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరు వెళ్ళిపోతారో జూలై దాకా తెలియదు. 2025లో ఆమోదం పొందిన కోర్టు ఒప్పందం తర్వాత, అందులో చేరిన యూనివర్సిటీలకి ఆ పరిమితి పోయి 34 మంది టీము అన్న పరిమితి వచ్చింది. పంపకం తలనొప్పి రూపం మార్చుకుందంతే.

ఇప్పుడు సమ్టర్ సంగతి. అమెరికా స్థానిక పాలన చరిత్రలో ఆ ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. కౌన్సిల్-మేనేజర్ పద్ధతిని 1912లో మొదట చేపట్టిన నగరం సమ్టరే. ఎన్నికైన కౌన్సిల్ విధానాలు, బడ్జెట్, పన్నులు నిర్ణయిస్తుంది. రోజువారీ పనంతా జీతానికి పెట్టుకున్న నగర మేనేజర్ నడుపుతాడు. మన దగ్గర మున్సిపల్ కమిషనర్‌ని ప్రభుత్వం పంపుతుంది. అక్కడ కౌన్సిలే వెతికి, ఇంటర్వ్యూ చేసి నియమిస్తుంది, నచ్చకపోతే తనే తీసేస్తుంది. యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టర్‌కీ కోచ్‌కీ ఉండే సంబంధం లాంటిదే ఇది. కోచ్‌గా ఉన్న మనిషి కౌన్సిల్‌లోకి వస్తే ఆ సంబంధంలో అవతలి పక్కకి వెళ్ళి కూర్చుంటాడు. మొన్నటిదాకా ఎవరైనా డగౌట్‌లోకి దూరి బ్యాటింగ్ ఆర్డర్ మార్చమంటే ఒప్పుకోనివాడు, ఇప్పుడు తను వెళ్ళి రోడ్ల విభాగం ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి ఫలానా వీధి గుంత ముందు పూడ్చమనకూడదు. మేనేజర్ ద్వారానే అడగాలి. కొత్తగా ఎన్నికైనవాళ్ళు మొదటి ఆరు నెలల్లో ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఫోర్‌మన్‌కి ఇద్దరు యజమానులవుతారు, వేసుకున్న మరమ్మతుల వరస చెదిరిపోతుంది.

సభల నియమాలు కఠినంగానే ఉంటాయి. సౌత్ కరోలినాలో సభకి కనీసం 24 గంటల ముందు అజెండా బయట పెట్టాలి, కాలిఫోర్నియాలో మామూలు సభకి 72 గంటలు. ఏడుగురి కౌన్సిల్‌లో నలుగురు కోరం. ఆ నలుగురూ ఈమెయిల్లోనో ఫోన్ మెసేజుల్లోనో ఒక విషయం తేల్చేసుకుని సభకి వస్తే అది బహిరంగ సభల చట్టానికి గండి కొట్టడమే. మ్యాచ్ మధ్యలో సైగలతో నిర్ణయాలు చెప్పేయడం అలవాటైన కోచ్‌కి ఇది చాలా కష్టంగా ఉంటుంది. సౌత్ కరోలినాలో నగరం చేసే చట్టానికి, అంటే ఆర్డినెన్సుకి, సభలో రెండు సార్లు పఠనం జరగాలి, రెండింటి మధ్య కనీసం ఆరు రోజులు ఉండాలి. చాలా నగరాలకి ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది కాబట్టి బడ్జెట్ పఠనాలు మే చివర, జూన్ మొదట పడతాయి.

రీజనల్స్ జరిగేది కూడా సరిగ్గా అప్పుడే. సౌత్ కరోలినాలో పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ప్రైమరీలకి నామినేషన్లు మార్చి 16 నుంచి 30 మధ్యాహ్నం దాకా, అప్పటికి కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఊపందుకుంటాయి. ప్రైమరీ జూన్ రెండో మంగళవారం, అంటే సూపర్ రీజనల్స్ ముగిసే వేళ. ఎవరికీ స్పష్టమైన మెజారిటీ రాకపోతే రెండు వారాల తర్వాత మళ్ళీ పోలింగు, అంటే రనాఫ్, అప్పుడు ఒమాహా. టీము బాగా ఆడినకొద్దీ అభ్యర్థి ఊళ్ళో ఉండడు. పదవి కావాలనుకునే కోచ్ నవంబరులో జరిగే, పార్టీ గుర్తుల్లేని పురపాలక ఎన్నికనే ఎంచుకోవాలని నా అభిప్రాయం. శరదృతువు ప్రాక్టీసు ఉన్నా ఊరు వదిలి వెళ్ళే పని తక్కువ, సాయంత్రాలు చేతిలో ఉంటాయి.

ఆ సాయంత్రాల్లో చేసేది ఇంటింటికీ నడవడం. ఒక ఉదాహరణ లెక్క. వార్డులో 6,000 మంది ఓటర్లు, పోలింగు 15 శాతం అనుకుంటే 900 ఓట్లు పడతాయి, ఇద్దరే బరిలో ఉంటే గెలవడానికి 451 చాలు. గంటకి పదిహేను తలుపులు తట్టవచ్చు, వాటిలో మూడో వంతు తెరుచుకుంటే మంచి రోజే. ఆ వేగంతో నాలుగు వందల యాభై మందితో ముఖాముఖి మాట్లాడాలంటే 90 గంటలు. వారానికి మూడు సాయంత్రాలు, రెండేసి గంటలు నడిస్తే పదిహేను వారాలు. అంటే నవంబరు ఎన్నికకి జూలైలోనే మొదలుపెట్టాలి. ఇళ్ళన్నీ వరసబెట్టి తట్టడం తప్పు. గత రెండు మూడు పురపాలక ఎన్నికల్లో ఓటేసినవాళ్ళ జాబితా ఎన్నికల కార్యాలయంలో దొరుకుతుంది, ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. ఏ ఇంటివాళ్ళు ఏమన్నారో మెట్లు దిగగానే రాసుకోవాలి, ఇంటికి వెళ్ళాక రాద్దామనుకుంటే సగం కలిసిపోతాయి. హైస్కూల్ కుర్రాళ్ళని చూడ్డానికి తిరిగిన కోచ్‌కి ఈ నోటు పుస్తకం కొత్త కాదు.

అసలు ప్రమాదం చందాల్లోనూ మైదానాల్లోనూ ఉంది. సౌత్ కరోలినాలో స్థానిక అభ్యర్థికి ఒకరి దగ్గర ఒక ఎన్నికకి 1,000 డాలర్లకి మించి తీసుకోకూడదు. రాబడో ఖర్చో 500 డాలర్లు చేరిన పది రోజుల్లోగా మొదటి నివేదిక దాఖలు చేయాలి. టీముకి ఏటా చందాలిచ్చే ఊరి వ్యాపారులే ప్రచారానికీ ఇస్తారు, రేపు వాళ్ళే జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే నియమాల) మార్పు కోసం కౌన్సిల్ ముందుకి వస్తారు. ఇంకొకటి, చాలామంది కాలేజీ కోచ్‌లు వేసవిలో సొంత కంపెనీ పేరుతో పిల్లల శిబిరాలు నడుపుతారు. అవి నగరం పార్కుల్లో జరిగితే, పార్కుల అద్దె మీద ఓటు వేయడమంటే తన జేబు మీద తనే ఓటు వేసుకోవడం. ఆ రాష్ట్రంలో నగరాలు వండిన ఆహారం మీద 2 శాతం దాకా ఆతిథ్య పన్ను వేసి, ఆ డబ్బుని పర్యాటకానికి పనికొచ్చే క్రీడా సౌకర్యాలకి ఖర్చు పెట్టవచ్చు. టోర్నమెంట్లు జరిగే బేస్‌బాల్ మైదానాలకి ఆ నిధి అడుగుతూనే ఉంటారు. ఇలాంటి అంశం వచ్చినప్పుడు తన ప్రయోజనం ఏమిటో రాతపూర్వకంగా ఇచ్చి, చర్చకి ముందే బయటికి వెళ్ళాలి. చర్చలో మాట్లాడి ఓటు మాత్రం మానేస్తే సరిపోతుందనుకుని ఇరుక్కున్నవాళ్ళు ఉంటారు. యూనివర్సిటీ ఈమెయిలు, ఫోను, టీము లోగో ఉన్న టోపీ ప్రచారంలో కనపడకూడదు. పోటీకి ముందే యూనివర్సిటీ రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

ప్లాస్టిక్ బోర్డుల మీద పేర్లతో పచ్చిక బయళ్ళు నిండే ఈ ఎన్నికలు అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకి తెలిసినవే. స్కూల్ బోర్డులకీ సిటీ కౌన్సిళ్ళకీ మనవాళ్ళు కూడా నిలబడుతున్నారు. పిల్లల్ని లిటిల్ లీగ్‌కి తీసుకెళ్ళేవాళ్ళయితే ఓ పావుగంట ముందు వెళ్ళి ఆ మైదానాన్ని ఎవరు సర్దుతున్నారో చూడండి. ఊరి రాజకీయానికి కావలసిన పరిచయాలు సగం అక్కడే దొరుకుతాయి.

రిచర్డ్‌సన్ ఊరి పదవి అనే ఈ మెట్టు ఎక్కకుండా ఒకేసారి కాంగ్రెస్‌కి వెళ్ళాలనుకున్నారు. కాలం కూడా కలిసిరాలేదు. 1976లో పక్క రాష్ట్రం జార్జియా నుంచి జిమ్మీ కార్టర్ డెమొక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డారు, సౌత్ కరోలినాలో 56 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. ఆ గాలిలో ఒక రిపబ్లికన్ కొత్త అభ్యర్థి, పదవిలో ఉన్న డెమొక్రాట్‌కి అంత దగ్గరగా రావడమే గొప్ప. ఆ దగ్గరితనానికి కారణం పేరూ, ఏడేళ్ళ కోచింగూ అని నేను నమ్ముతాను. మిగిలిన ఆ కాస్త దూరం పేరుతో దాటేది కాదు. నియోజకవర్గంలో ఏ వీధి నీటి గొట్టం గురించి ఎవరు పదేళ్ళుగా తిరుగుతున్నారో తెలిసినవాడు దాటే దూరమది.

అదే 1976 దాకా ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టుకి చెందిన కింది స్థాయి (మైనర్ లీగ్) టీములకి మేనేజర్‌గా ఉన్న జిమ్ బన్నింగ్ ఇంకో దారిలో వెళ్ళారు. 1964లో పర్ఫెక్ట్ గేమ్ (ప్రత్యర్థి ఒక్కరూ బేస్ చేరని మ్యాచ్) వేసిన పిచర్, రిచర్డ్‌సన్‌కి తక్కువ పేరేమీ కాదు. ఆయన మొదట నిలబడింది 1977లో, కెంటకీలోని ఫోర్ట్ థామస్ సిటీ కౌన్సిల్‌కి. అక్కణ్ణుంచి రెండేళ్ళకి రాష్ట్ర సెనేట్. 1983లో గవర్నర్ పదవికి పోటీ చేసి ఓడారు. 1986లో కాంగ్రెస్, 1998లో అమెరికన్ సెనేట్.

రిచర్డ్‌సన్ వదిలిన టీముని జూన్ రెయిన్స్ తీసుకున్నారు. 1977 జూన్‌లో, తర్వాత న్యూయార్క్ మెట్స్ జట్టుకి ఆడిన మూకీ విల్సన్‌తో సహా, ఆ టీము మళ్ళీ ఒమాహా ఫైనల్ దాకా వెళ్ళి అరిజోనా స్టేట్ చేతిలో ఓడింది. రిచర్డ్‌సన్ 1980ల్లో తిరిగి కోచింగ్‌కే వచ్చారు, ముందు కోస్టల్ కరోలినాలో, తర్వాత లిబర్టీ యూనివర్సిటీలో.